2504లో అంట్లెవరు తోముతారు?

రాబోయే కాలం గురించి కథ చదివినా, సినిమా చూసినా నన్నొక సందేహం వదిలిపెట్టదు. రాకెట్లు దూసుకుపోతుంటాయి. మరమనుషులు మాట్లాడుతుంటారు. తలుపులు వాటంతటవే తెరుచుకుంటాయి. అంతా బాగానే ఉంటుంది. మరి ఆ ఇంట్లో పొద్దున తిన్న టిఫిను ప్లేట్లు ఎవరు కడిగినట్టు?

'ఆదిత్య 369' మీలో చాలామంది చూసే ఉంటారు. 1991లో వచ్చింది. అప్పటికి నేను పలక పట్టని పిల్లని. తర్వాత టీవీలో ఎన్నిసార్లు వేస్తే అన్నిసార్లూ కదలకుండా కూర్చుని చూశాను. సింగీతం శ్రీనివాసరావుగారు ఆ కాలయంత్రంలో మనల్ని శ్రీకృష్ణదేవరాయల కొలువుకీ తీసుకెళ్లారు, 2504వ సంవత్సరానికీ తీసుకెళ్లారు. రాయలవారి కాలంలో వంట ఎవరు చేసేవారో ఊహించగలను. 2504లో ఎవరు చేస్తారన్నదే నా ప్రశ్న. ఈ మాట మావారితో అంటే, "అంత మంచి సినిమా చూస్తూ కూడా నీకు వంటిల్లే గుర్తొచ్చిందా?" అన్నారు. వంటింటి గుమ్మంలో నిలబడి చూస్తే మరేం గుర్తొస్తుంది?

అమెరికా వాళ్లు 1962లో 'జెట్సన్స్' అని ఒక కార్టూను సీరియల్ తీశారు. అప్పటికి సరిగ్గా నూరేళ్ల తర్వాత, అంటే 2062లో, ఒక కుటుంబం ఎలా బతుకుతుందో అందులో చూపించారు. అయ్యగారు ఎగిరే కారులో ఆఫీసుకు వెళతారు. ఇంట్లో పనికి రోజీ అనే మరమనిషి ఉంటుంది. ఆ మరమనిషి కూడా ఆడదే, ఏప్రన్ కట్టుకుని ఉంటుంది! ఇక అమ్మగారు? టైటిల్స్‌లో భర్త ఆవిడకి ఒక నోటు అందిస్తే, ఆవిడ ఆ నోటు వదిలేసి పర్సే లాక్కుని బజారుకు వెళ్లిపోతుంది. అందరూ నవ్వుతారు. నేనూ నవ్వాను. కానీ చూడండి, కారుకు రెక్కలు తగిలించగలిగిన బుర్రలకి ఆవిడ చేతిలో సొంత డబ్బు పెట్టడం తట్టలేదు.

మనవాళ్లేం తక్కువ తినలేదు. 1957లోనే 'మాయాబజార్'లో ప్రియదర్శిని పేటిక పెట్టారు. మూత తెరిస్తే ఎవరికి ప్రియమైనది వాళ్లకి కనిపిస్తుంది. శశిరేఖ తెరిస్తే అభిమన్యుడు, బలరాముడు తెరిస్తే దుర్యోధనుడు. రేవతీదేవి తెరిస్తే మాత్రం నగలు! అది సరదాకి పెట్టిందే, కాదనను. ఆ పేటిక ఇప్పుడు మన అందరి చేతుల్లోకీ వచ్చేసింది. మా పిన్ని రోజూ దాంట్లో డాలస్‌లో ఉన్న కూతురితో మాట్లాడుతుంది. ఇక్కడ ఈవిడ ఫోను డబ్బాకి ఆనించి తాలింపు పెడుతూ ఉంటుంది, అక్కడ ఆ పిల్ల గిన్నెలు సర్దుకుంటూ ఉంటుంది. మధ్యలో అల్లుడు ఇటునుంచి అటు వెళుతూ "బావున్నారా అత్తయ్యగారూ" అని మాయమైపోతాడు. ఏడు సముద్రాల అవతలి మనుషుల్ని కళ్లకు కట్టించే యంత్రం అది. దాంట్లో ఎక్కువ కనబడేవి రెండు వంటిళ్లు.

అందరూ ఇలాగే ఊహించారనుకుంటే పొరపాటు. వందేళ్లకు పైనే అయింది, ఒకావిడ దీన్ని పూర్తిగా తిరగేసి రాసింది. ఆవిడ పేరు రొకేయా సఖావత్ హుసేన్. ఇప్పటి బంగ్లాదేశ్‌లో ఉన్న రంగపూర్ ప్రాంతంలో 1880లో పుట్టింది. ఆడపిల్లలకి ఇంగ్లీషు చదువు కూడదనే ఇల్లు. అందరూ నిద్రపోయాక అన్నగారు రహస్యంగా నేర్పితే నేర్చుకుంది. పెళ్లయ్యాక, భర్త ఉద్యోగరీత్యా ఊళ్లు తిరుగుతున్న రోజుల్లో, ఇంట్లో ఒంటరిగా ఉండి పొద్దుపోవడానికి ఇంగ్లీషులో ఒక కథ రాసింది. పేరు 'సుల్తానాస్ డ్రీమ్', అంటే సుల్తానా కల. ఆయన తిరిగొచ్చి, కుర్చీలో కూడా కూర్చోకుండా నిలబడే ఆసాంతం చదివి, మగవాళ్ల మీద భలే కక్ష తీర్చుకున్నావని మెచ్చుకున్నాడట. ఆ కథ 1905లో మద్రాసు నుంచి వచ్చే 'ఇండియన్ లేడీస్ మేగజైన్'లో అచ్చయింది. 1901లో ఆ పత్రిక మొదలుపెట్టి నడిపిన కమలా సత్యనాథన్ మన తెలుగింటి ఆడపడుచే. ఇలాంటి పేజీలు నడిపే వాళ్లందరికీ ఆవిడ పెద్దమ్మ వరస అవుతుందని నేను లోలోపల అనుకుంటూ ఉంటాను.

కథ చిన్నదే. సుల్తానా కలలో ఒక దేశం వెళుతుంది. వీధుల్లో అంతా ఆడవాళ్లే. మగవాళ్లు లోపల మర్దానాలో ఉండి వంటా, పిల్లల సంరక్షణా చూసుకుంటుంటారు. ఆడవాళ్లకి విశ్వవిద్యాలయాలున్నాయి. మేఘాల దగ్గరకే వెళ్లి నీళ్లు పట్టుకుంటారు. సూర్యుడి వేడిని దాచి దాంతోనే వండుకుంటారు, అదే వేడితో శత్రువుల్ని కూడా తరిమేస్తారు. ఎగిరే బండి ఉంది. వంటిల్లు కూరగాయల తోట మధ్యలో ఉంటుంది. పొగ లేదు, మసి లేదు, బొగ్గు లేదు. సౌరశక్తి అనే మాట మనం ఇప్పుడు ఎంత గొప్పగా చెప్పుకుంటున్నాం! కట్టెల పొయ్యి తప్ప మరోటి ఎరగని రోజుల్లో ఆవిడ ఎండతో పప్పు ఉడికించేసింది.

నాకు మహా ఇష్టమైంది ఆఫీసు లెక్క. మగవాళ్లు ఏడు గంటలు ఆఫీసులో ఉంటారు గానీ, ఒక్కో చుట్టకి అరగంట చొప్పున రోజుకి పన్నెండు చుట్టలు కాలుస్తారు కనక ఆరుగంటలు పొగలోనే పోతాయంటుంది. ఆ దేశపు ఆడవాళ్లు రెండు గంటల్లో పని ముగించుకుని ఇంటికొచ్చి హాయిగా కుట్టుపని చేసుకుంటారు. మిగతా రచయితలు రేపటి యంత్రం ఎంత వేగంగా పోతుందో ఊహించుకున్నారు. ఈవిడ, ఆ మిగిలిన పొద్దు ఎవరికి దక్కుతుందని అడిగింది. మగవాళ్లని గదుల్లో పెట్టి తాళం వేయాలని నేను అనను. నాకూ కొడుకున్నాడు. కానీ ఆవిడ ప్రశ్న మాత్రం ఇప్పటికీ అలాగే ఉంది. రొకేయా కథ రాసి ఊరుకోలేదు కూడా. భర్త పోయాక 1911లో కలకత్తాలో ఆడపిల్లలకి బడి పెట్టి, 1932లో కన్నుమూసే వరకూ నడిపింది.

ఇక మన ఇళ్లకి వద్దాం. యంత్రాలొచ్చి ఆడవాళ్ల చాకిరీ తగ్గించాయని అందరూ అంటారు. తగ్గించలేదని నేను అనను. మా అమ్మమ్మ గొట్టంతో పొయ్యి ఊదీ ఊదీ కళ్లు ఎర్రబడి దగ్గుతుండటం నేను చూశాను. 1999లో మన రాష్ట్రంలో దీపం పథకం కింద గ్యాసు కనెక్షన్లు ఇచ్చినప్పుడు మా వీధి చివర ఒకావిడ ఆ పొయ్యికి బొట్టు పెట్టి, హారతిచ్చి మరీ వెలిగించింది. పొగ పోవడం చిన్న సంగతి కాదు. రుబ్బురోలు దగ్గర విరిగే నడుముల్ని గ్రైండరు నిలబెట్టింది. దానికి దండం పెట్టాల్సిందే.

అయితే ఇంకో వైపు కూడా చూడండి. మా చిన్నప్పుడు తెనాలిలో మా ఇంట్లో అడితి నుంచి కట్టెలు తెచ్చి గొడ్డలితో చీల్చేది తాతయ్య. కిరసనాయిలు క్యూలో నిలబడేది నాన్న. సైకిలు వెనక డబ్బా కట్టుకుని పిండిమరకి వెళ్లి బియ్యప్పిండీ, కారమూ ఆడించుకు వచ్చేది అన్నయ్య. ఎండాకాలం పచ్చడికి మామిడికాయలు కత్తిపీట మీద టెంకతో సహా నరికేది బాబాయి. ఇంటిపనిలో మగవాళ్ల వాటా కొంచెమే, కానీ అంటూ ఒకటుండేది. తరవాత గ్యాసు వచ్చింది. బండి అబ్బాయి సిలిండరు తెచ్చి వంటింట్లోనే పెట్టి వెళతాడు. పిండి, కారం పాకెట్లలో వచ్చాయి. మామిడికాయలు బజారులోనే కొట్టి ఇస్తున్నారు. తాతయ్య గొడ్డలి అటకెక్కింది, అన్నయ్య డబ్బా పాతసామానుల వాడికి పోయింది. యంత్రం ముందుగా సెలవిచ్చింది మగవాళ్లకి! వండటం, వడ్డించడం, ఎత్తిపెట్టడం, తోమడం మాత్రం అమ్మ దగ్గరే ఉండిపోయాయి.

ఇది మా ఇంటి సొద మాత్రమే అనుకునేదాన్ని, అమెరికా చరిత్రకారిణి రూత్ శ్వార్ట్జ్ కోవన్ సంగతి తెలిసేదాకా. ఆవిడ 1983లోనే 'మోర్ వర్క్ ఫర్ మదర్' అని ఒక పుస్తకం రాసింది. అమ్మకి ఇంకా పని అన్నమాట. అక్కడా ఇదే వరస. కట్టెలు కొట్టి తెచ్చే మగవాళ్ల పని కొత్తరకం పొయ్యిలతో తగ్గింది. దాని మీద నాలుగు రకాలు వండే పని ఆడవాళ్లకి పెరిగింది. బయట ఉతికించుకునే బట్టలు వాషింగ్ మిషన్ రాగానే ఇంట్లోకొచ్చి ఇల్లాలి ఒళ్లో పడ్డాయి.

మన దగ్గర జరిగింది వేరా? చాకలామె పద్దు రాసుకుని దుప్పట్లూ, పంచెలూ మూటగట్టుకు వెళ్లిన రోజులు మీలో పెద్దవాళ్లకి గుర్తుండే ఉంటాయి. మిషను రావడంతో ఆమె బతుకుతెరువు పోయింది. మన పని తగ్గిందా అంటే అదీ లేదు. ఇదివరకు రెండు రోజులు తొడిగిన చొక్కా ఇప్పుడు పూటకే బుట్టలో పడుతోంది. ఏమన్నా అంటే "మిషనే ఉతుకుతుందిగా" అంటారు. జేబులు తడిమి చిల్లరా, కాగితాలూ తీసేది, తెల్లవీ రంగువీ వేరుచేసేది, ఆరేసేది, వాన చినుకు పడితే డాబా మీదకి పరిగెత్తేది, మడతపెట్టి ఎవరి బీరువాలో వాళ్లకి సర్దేది మిషను కాదుగా! గ్రైండరు సంగతీ అంతే. వారానికోసారి అట్లు వేసే ఇంట్లో రోజు విడిచి రోజు అట్లు. పైగా ఒకళ్లకి ఉల్లి, ఒకళ్లకి నెయ్యి, ఒకళ్లకి ఉత్తది.

కావాలంటే సర్కారు వారి లెక్కే చూడండి. దేశంలో ఎవరు రోజులో ఏ పనికి ఎంతసేపు వెచ్చిస్తున్నారో జాతీయ గణాంక కార్యాలయం 2019లో ఒకసారి, 2024లో ఒకసారి సర్వే చేసింది. జీతం లేని ఇంటిపనికి 2019లో ఆడవాళ్లు రోజుకి 299 నిమిషాలు, మగవాళ్లు 97 నిమిషాలు. 2024కి ఆడవాళ్లు 289, మగవాళ్లు 88. ఇందులో రెండు తమాషాలున్నాయి. ఇవి ఆ పనిలో అసలు చెయ్యిపెట్టిన వాళ్ల సగటులు మాత్రమే. ఆ రోజు వేలైనా కదపని మహానుభావులు ఈ లెక్కలోకి రానేరారు. రెండోది, ఆ అయిదేళ్లలో ఆడవాళ్లకి పది నిమిషాలు తగ్గితే, మగవాళ్లకీ తొమ్మిది నిమిషాలు తగ్గింది. సమానంగా పంచారు పాపం! దాదాపు అయిదు గంటల్లోంచి పది, గంటన్నరలోంచి తొమ్మిది.

మా ఇంట్లో సంగతేమిటని అడుగుతారు కదూ? ఆదివారాలు మావారు అంట్లు తోముతారు. తోమినట్టు సోమవారం ఆఫీసులోనూ చెబుతారు.

ఇక ఆకాశం మాట. 2014 సెప్టెంబరు 24న మంగళయాన్ అంగారక కక్ష్యలోకి చేరిన రోజు పత్రికల్లో వచ్చిన ఫొటో నేనిప్పటికీ మర్చిపోలేను. పట్టుచీరలు కట్టుకుని, జడల్లో పూలు పెట్టుకుని ఇస్రో ఆడవాళ్లు నవ్వుతూ అభినందనలు చెప్పుకుంటున్నారు. 2019లో చంద్రయాన్-2కి ప్రాజెక్టు డైరెక్టరు ముత్తయ్య వనిత, మిషన్ డైరెక్టరు రీతూ కరిధాల్. 2023 ఆగస్టు 23న చంద్రయాన్-3 దిగినప్పుడు అసోసియేట్ ప్రాజెక్టు డైరెక్టరు కల్పనా కాళహస్తి మైకు ముందుకొచ్చి మాట్లాడుతుంటే మా మెట్ల దగ్గర పిల్లలంతా కేకలు. శ్రీహరికోట మన నెల్లూరు దాపునే ఉందంటే వాళ్లకి అదొక గొప్ప. ఇంతవరకూ సంతోషమే. ఆ తర్వాత టీవీల్లో, పేపర్లలో ఇలాంటి ఆడవాళ్ల గురించి రాసేటప్పుడు ఒక వాక్యం తప్పకుండా ఉంటుంది, 'ఇటు ఇల్లూ అటు ఉద్యోగమూ సమర్థంగా నెట్టుకొస్తూ' అని. ఆ వాక్యం పక్కనున్న మగ శాస్త్రవేత్త గురించి రాసినట్టు నేనెక్కడా చదవలేదు. ఆయనకి ఇల్లు లేదా?

రోదసిలోకి వెళ్లినా కొలతలు ఎవరివో చూడండి. అమెరికా నుంచి మొదటిసారి రోదసిలోకి వెళ్లిన మహిళ శాలీ రైడ్. 1983 జూన్‌లో ఆరు రోజుల ప్రయాణం. ఆవిడకి నెలసరి సమయంలో వాడే టాంపాన్లు ఎన్ని పెట్టాలో తెలీక, వంద సరిపోతాయా అని నాసా ఇంజనీర్లు ఆవిడనే అడిగారట. తర్వాత ఆవిడే చెప్పింది. వాళ్లే ఆవిడ కోసం ఒక మేకప్ పెట్టె కూడా తయారుచేశారు. చంద్రుడి మీదకి దారి కట్టిన బుర్రలే అవి! 2019 మార్చిలో ఇద్దరు మహిళలు కలిసి అంతరిక్ష కేంద్రం బయట నడవాల్సి ఉండగా, ఆన్ మెక్లెయిన్‌కి మధ్యరకం సైజు సూటు బాగుంటుందని తేలింది. ఆ సైజువి ఇద్దరికీ వాడేందుకు సిద్ధంగా లేవు. ఆవిడే ఆలోచించి మనిషిని మార్చడం సులువని చెప్పింది. ఆవిడ చోట మగవాడు వెళ్లాడు. చివరికి అక్టోబరు 18న క్రిస్టినా కోక్, జెస్సికా మేర్ నడిచారు.

సూటు సంగతి చదివినప్పుడు నాకు మా వంటింటి గట్టు గుర్తొచ్చింది. మేస్త్రీ తన నడుం ఎత్తుకి కట్టాడు దాన్ని. ఆయన ఎన్నడూ దాని దగ్గర నిలబడి కూర తరిగి ఉండడు. మా అత్తగారు ఇరవై ఏళ్లుగా చిన్న పీటెక్కి వండుతున్నారు.

ఇదంతా ఇప్పుడు ఎందుకెత్తుకున్నానంటే, మా కింది వాటాలో ఒక అమ్మాయి ఉంది. ఇంజనీరింగు చదివింది, సాఫ్ట్‌వేరు ఉద్యోగం. భర్తదీ అదే ఉద్యోగం, ఇంచుమించు అదే జీతం. 2020లో కరోనా రావడంతో ఇద్దరి ఆఫీసులూ ఇంటికొచ్చేశాయి. ఇప్పటికీ వారంలో మూడు రోజులు ఇంటి నుంచే. అబ్బ, ఎంత అదృష్టం, పిల్లాణ్ణి చూసుకుంటూ ఉద్యోగం చేసుకోవచ్చని అందరం అన్నాం. అతను పడగ్గదిలో బల్ల వేసుకుని తలుపు మూసుకుంటాడు. మంచివాడే, కాదనను. తలుపు మీద టక్కున కొడితే కోప్పడడు, చెయ్యి ఊపి 'మీటింగు' అంటాడు. ఈ అమ్మాయి లాప్‌టాప్ భోజనాల బల్ల మీద. ఒక పక్క కుక్కరు, ఇంకో పక్క నాలుగేళ్ల పిల్లాడు. బెల్లు మోగితే లేచేది ఈమే, పాలవాడికీ కొరియరు వాడికీ జవాబు చెప్పేది ఈమే. మీటింగులో అందరూ వింటుండగా మూడో విజిల్ వస్తే గబగబా మైకు నొక్కేసి వెళ్లి పొయ్యి ఆపుతుంది. ఆ విజిల్ అతని మీటింగులోకి వినపడదు. తలుపుంది కదా!

మొన్న సాయంత్రం పైకొచ్చి, "రిజైన్ చేద్దామనుకుంటున్నా అక్కా, నా వల్ల కావట్లేదు" అంది. ఉత్తరం కూడా రాసి పెట్టుకుంది, పంపడమే తరువాయి. వాళ్ల అత్తగారు మంచిదే కదమ్మా అన్నారట. పుట్టింటివాళ్లు నీ ఇష్టం అన్నారట. 'సాయంగా ఉంటుంది' అని భర్త అంట్లు తోమే మిషను కూడా కొన్నాడు. అతనే రెండు రోజులు ఆ పుస్తకమంతా చదివి, బటన్లన్నీ ఈమెకి నేర్పించాడు. గిన్నెలు సర్దేది ఎవరో నేను అడగలేదు.

తొమ్మిదేళ్ల ఉద్యోగం ఈమెది. వదిలేస్తే మళ్లీ ఆ మెట్టు మీదకి ఎవరూ పిలిచి కూర్చోబెట్టరు. నేను డిగ్రీ చదివి ఇంట్లో ఉన్నదాన్నే. కథలు రాసుకుంటాను, నాకు దిగులు లేదు. అది నేను ఎంచుకున్నది. ఈమె అలా ఎంచుకోవడం లేదు, కుక్కరు పక్క నుంచి లేవలేక వదిలేస్తోంది. ఇందులో యంత్రాల లోటేం లేదు. మిక్సీ ఉంది, గ్రైండరుంది, మిషన్లు రెండున్నాయి, ఇంటర్నెట్టుంది. లేనిదల్లా ఒక తలుపు, ఒక బల్ల. మూడు రోజుల్లో ఒక రోజైనా అతను భోజనాల బల్ల దగ్గర కూర్చుంటే, పాలవాడికీ కొరియరు వాడికీ జవాబు చెబితే, ఆ పిల్ల ఉత్తరం పంపక్కర్లేదని నాకనిపిస్తుంది. అంతకన్నా నయం, ఆ గదిలోనే ఇంకో బల్ల వేయించడం. ఆ మాటే ఇద్దరి ముందూ అన్నాను.

"గదిలో రెండో బల్ల పట్టదు అక్కా" అన్నాడతను.

టేపు తెచ్చి ముగ్గురం కలిసి కొలిచాం. బీరువా అడుగు పక్కకి జరిపితే, నాలుగడుగుల బల్ల, కుర్చీ వెనక్కి లాక్కున్నా తలుపుకి తగలకుండా పడుతుంది.